దారం కట్టిన కొస

"పైన కాలింది. కింద కాల్లేదు. పొట్టలోకి వెళ్ళాక మళ్ళీ కాలింది. యాసిడ్‌కేమైనా కాళ్ళున్నాయా డాక్టరమ్మా, మధ్యలో ఓ మెట్టు వదిలేసి దూకడానికి?"

ఈ మాట నేనడగడం అది మూడోసారి. డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు. ఆవిడకి ముప్పై దాటి ఉండవు. ఈ లేబరేటరీలో చేరి ఆరునెలలైందిట.

"ఏం కనిపించిందో అది రాశానండీ. ఎందుకలా కనిపించిందో తేల్చడం నా పని కాదు."

"అది నా పని. అందుకే పొద్దుట్నించీ నా బుర్ర వేడెక్కిపోతోంది."

గోడ గడియారంలో పదకొండూ పది. నాలుగింటికి కోర్టులో బెయిలు విచారణ. ఇవాళ బెయిలు రాలేదా, రేపట్నించీ కోర్టుకి నెల్లాళ్ళు సెలవులు. ఆ నెల్లాళ్ళూ ఒక డ్రాయింగు టీచరు చెయ్యని హత్యకి జైల్లో కూచోవాలి. చెయ్యలేదని నా నమ్మకం. నమ్మకం అంటున్నానే గానీ, ఎందుకయ్యా అని ఎవరైనా నిలదీస్తే నీళ్ళు నమలాల్సిందే. మనిషిని చూస్తే చీమకి కూడా అపకారం చేసేలా లేదు. కానీ నా ఇరవయ్యేళ్ళ పోలీసు సర్వీసులో అలాంటి మొహాలున్న హంతకుల్ని నలుగుర్ని చూశాను.

సంగతి మొదట్నించీ చెప్తాను, లేకపోతే మీకూ నాలాగే తలకాయ తిరుగుతుంది. ఆ టీచరుగారి మామగారికి పక్షవాతం వచ్చి మింగడం పోయింది. పన్నెండు రోజులు ముక్కులోంచి పొట్టదాకా రబ్బరు గొట్టం వేసి, అందులోంచే పాలూ మందులూ పోశారు. పగలు చూసుకోడానికి ఒక నర్సుని పెట్టారు. మింగడం కాస్త తిరిగొచ్చిందని పదమూడోరోజు సాయంత్రం ఆరింటికి కాంపౌండరు వచ్చి గొట్టం లాగేశాడు. ఏడున్నరకి కోడలు, అంటే మన టీచరుగారే, గ్లాసుతో పళ్ళరసం పట్టింది. రెండు గుక్కలు తాగాడు. ఎనిమిదింటికి స్పృహ తప్పింది, తెల్లారకుండానే ఆస్పత్రిలో పోయాడు. పొట్టలో స్నానాలగది కడిగే యాసిడ్ తేలింది. యాసిడ్ సీసా మీద కోడలి వేలిముద్రలు. గ్లాసు కడిగి బోర్లించి ఉంది. అది కూడా పోలీసులు నేరంలో రాసుకున్నారు. గ్లాసు కడగడం నేరమైతే మా ఇంట్లో నేనొక్కడినే నిర్దోషిని.

పోస్ట్‌మార్టం చేసిన డాక్టరుకి మామూలు కంటితో ఏమీ తేలలేదు. పన్నెండు రోజులు గొట్టం రాపిడికి అన్నవాహిక, అంటే గొంతులోంచి పొట్టలోకి తిండి దిగే దారి, ఈ కొసనించి ఆ కొసదాకా ఎర్రగా కమిలిపోయి ఉంది. నోటినిండా జ్వరం పుళ్ళు. అందుకని అన్నవాహికనీ పొట్టనీ సీసాల్లో పెట్టి ఈ లేబరేటరీకి పంపాడు. ఇక్కడ అన్నవాహికలోంచి రెండు ముక్కలు కోసి మైక్రోస్కోపు కింద చూశారు. పై ముక్క యాసిడ్‌కి కాలింది, కింది ముక్క కాల్లేదు అని రిపోర్టు. పైన కాలిందంటే నోటితో తాగించారు. నోటితో అంటే గ్లాసు. గ్లాసంటే కోడలు. మూడు 'అంటే'లు పెట్టుకుని నాలుగురోజుల క్రితం ఆవిడని అరెస్టు చేశారు.

నన్ను డిటెక్టివుగా పెట్టుకున్నది ఆవిడ భర్త. కళ్ళజోళ్ళ షాపు ఆయనది. మొదటిరోజు నా ఎదురుగా కూచుని జోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి ఏడ్చాడు. "నాన్న ఎలాగూ పోయారు, మా ఆవిణ్ణయినా దక్కించండి" అన్నాడు. నాకు చచ్చేంత జాలేసింది.

తలుపు ధడేల్మని తెరుచుకుంది.

"ఏంటి బావా, డాక్టరీ కూడా మొదలెట్టావా? అక్కకి తెలుసా?"

ఇన్‌స్పెక్టరు. అంటే ఈ కేసు పట్టిన ఘనుడు, నా సొంత బావమరిది. వాడికి సైకిలు నేర్పింది నేనే, ఎఫ్.ఐ.ఆర్. రాయడం నేర్పింది నేనే. పైవాళ్ళతో పడక నేను ఉద్యోగం వదిలేస్తే, అదే స్టేషన్లో అదే కుర్చీలో వీడొచ్చి కూచున్నాడు. దాయాది చావు కోరితే బావమరిది బతుకు కోరతాడంటారు. మావాడు నా బతుకు కోరతాడు, కాకపోతే నేను ఇంట్లో పడుకుని బతకాలని కోరతాడు.

"ఆ స్లైడులు కోర్టుకి కావాలి డాక్టరుగారూ. రెండింటికల్లా ప్యాక్ చేసి ఇచ్చెయ్యండి."

"నేను చూడ్డం అవలేదు" అన్నాను.

"నువ్వు చూసి పొడిచేదేముంది? అందులో నీకేం తెలుసని?"

"ఏం తెలీదు. నీకు మాత్రం తెలిసిందేమిటి? పైన కాలి, కింద కాలకుండా, పొట్టలో ఎలా కాలిందో చెప్పు."

"గబగబా మింగాడు. కింద ఆగకుండా జారిపోయింది."

"పక్షవాతం మనిషి! పన్నెండు రోజుల తరవాత మొదటిసారి మింగుతున్నాడు! గబగబానా? ఆరోగ్యంగా ఉండి నువ్వు చిన్నప్పుడు చెంచాడు జ్వరం మందు మింగడానికి అరగంట పట్టేది కదరా."

డాక్టరమ్మకి నవ్వొచ్చి దగ్గులా మార్చేసుకుంది. మావాడి చెవులు ఎర్రబడ్డాయి.

"రెండింటిదాకా టైముంది బావా. చూసుకో. కళ్ళు నొప్పులు తప్ప ఏం మిగలదు" అని ఫోను తీసుకుని మూల స్టూలు మీద కూలబడ్డాడు.

నేను మైక్రోస్కోపులో కన్నుపెట్టాను. నిజం చెప్పొద్దూ, గులాబీ రంగూ ఊదా రంగూ పులుముకుపోయి ఉంది తప్ప నాకేమీ కనిపించలేదు. తిప్పాల్సిన మర ఒకటుంటే నేను మరోటి తిప్పాను, మొత్తం మాయమైపోయింది. డాక్టరమ్మ ఓపిగ్గా సరిచేసింది.

"ముందు బాగున్నది చూడండి. 'కింది ముక్క' అని రాసి ఉందే, అది. పైవారన వరసమీద వరస పేర్చినట్టు కణాలున్నాయా? మన బుగ్గ లోపల కూడా ఇలాగే ఉంటుంది. తిండి రాసుకుంటూ దిగుతుంది కాబట్టి పై వరసలు అరిగినా కింద ఇంకా ఉంటాయి."

"ఉన్నాయి."

"ఇప్పుడు పొట్ట." స్లైడు మార్చింది. "ఇక్కడ అన్ని వరసలుండవు. ఒకటే వరస, అది కూడా బావుల్లా లోపలికి దిగిపోతూ ఉంటుంది. బావుల అడుగున గులాబీ రంగు కణాలు యాసిడ్ చేస్తాయి. ఊదావి అరిగించే రసం చేస్తాయి."

"పొట్టే సొంతంగా యాసిడ్ చేసుకుంటుందా? ఒరే, నువ్వు ముందు పొట్టని అరెస్టు చెయ్యాల్సింది!"

మూల స్టూలు కిర్రుమంది.

"సగం బావులు కాలి కూలిపోయాయి చూడండి. పొట్ట చేసుకునే యాసిడ్ ఇంత పని చెయ్యదు. బయట్నించి వచ్చిందే."

అంతవరకూ బాగానే ఉంది. తరవాత 'పై ముక్క' పెట్టింది. వరసలన్నీ చెదిరి, పొక్కులెత్తి ఉన్నాయి. కాలిందనడానికి డాక్టరు అక్కర్లేదు. మళ్ళీ 'కింది ముక్క' పెట్టమన్నాను. మళ్ళీ 'పై ముక్క'. ఇలా నాలుగైదుసార్లు అటూ ఇటూ మార్పించేసరికి డాక్టరమ్మకి విసుగొచ్చింది, నాకు కళ్ళు మసకలు కమ్మాయి. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలీదు. తెలియకపోవడం ఒక బాధయితే, తెలియనిదాన్ని అడగడం ఇంకో బాధ. అయినా సిగ్గు విడిచి అడిగాను.

"డాక్టరమ్మా, పైన వరసల సంగతి సరే. అడుగున కండలా ఉందే, అది ఒకదాంట్లో అడ్డచారల బనీనులా ఉంది. ఇంకోదాంట్లో చారలే లేవు. రంగు సరిగ్గా పట్టలేదా?"

"ఏది, చారలా?"

"కింది ముక్కలో. అడుగున."

ఆవిడ నన్ను దాదాపు తోసేసి కన్ను పెట్టింది. మర తిప్పింది. స్లైడు తీసి లేబులు చదివింది, మళ్ళీ పెట్టింది. రెండోది పెట్టింది. గడియారం పదకొండూ యాభై చూపిస్తోంది. ఆవిడ మెడ దగ్గర చెమటలు పట్టడం నాకు కనిపిస్తోంది.

"అయ్యబాబోయ్" అంది.

"ఏమైంది?" మావాడు లేచొచ్చాడు.

"కింది ముక్కలో చారలుండకూడదండీ."

"ఎందుకుండకూడదు?"

"మింగడం మనం మొదలుపెడతాం. అందుకని అన్నవాహిక పైభాగంలో కండ మన చేతి కండలాంటిది. దానికి చారలుంటాయి. తరవాత మన ప్రమేయం ఏమీ ఉండదు, అదే దించుకుంటుంది. కింది భాగంలో ఉండే కండకి చారలుండవు. పుట్టిన ప్రతి మనిషికీ అంతే." ఆవిడ లేబులు మీద వేలు పెట్టింది. "ఇక్కడ 'పై' అని రాసినదాంట్లో చారల్లేవు. 'కింది' అని రాసినదాంట్లో ఉన్నాయి."

"అంటే తారుమారయ్యాయా?"

"నేను... కాలిందా లేదా అని లోపలి పొర మాత్రమే చూశాను. పోలీసులు అడిగింది అంతే. లేబులు మీద ఉన్నది నమ్మి రాసేశాను. కండ వైపు చూడనేలేదు."

"ఆగండాగండి." మావాడు చెయ్యి అడ్డంపెట్టాడు. "కోర్టుకి నాలుగ్గంటల ముందు చారలు మాయమయ్యాయంటే ఎవరు నమ్ముతారు? లేబుళ్ళు రాసిందెవరు? ముందు ఆయన్ని పిలవండి."

ఆయన్ని పిలవక్కర్లేదు, పక్కగదిలోనే ఉంటాడు. ఈ లేబరేటరీలో అందరూ మైనం తాత అంటారు. శరీరంలోంచి తీసిన ముక్కల్ని కరిగిన మైనంలో ముంచి దిమ్మలు పోసి, ఆ దిమ్మల్ని మిషను మీద ఉల్లిపొరకంటే పల్చగా చెక్కి గాజుపలకలమీద అంటించడం ఆయన పని. ముప్పయ్యొక్క ఏళ్ళుగా అదే పని. గోళ్ళలో కూడా మైనమే.

"తాతా, ఆ అన్నవాహిక కోసింది మీరేనా?"

"నేనే. ఆరోజు డాక్టరమ్మగారికి పదకొండు ఆపరేషను కేసులు. 'తాతా, మీరు పెట్టెయ్యండి' అన్నారు. పెట్టాను."

"ఎవరైనా వచ్చి లేబుళ్ళు మార్చమన్నారా?" మావాడు గొంతు పెంచాడు. "ఈయనగారి క్లయింటు ఏమైనా కలిశాడా మిమ్మల్ని?"

తాత కళ్ళజోడు పైనించి వాణ్ణి చూశాడు. "బాబూ, మీరు పుట్టకముందే నేను మీలాంటి వాళ్ళకి స్లైడులు చేసిచ్చాను. ఇంతవరకూ ఒక్క లేబులు తప్పలేదు. ఇంకోసారి ఆ మాటంటే ఈ గదిలోంచి లేచిపోతాను, మీ ముక్కలు మీరే చెక్కుకోండి."

నాకు మతిపోయింది. లేబులు తప్పలేదు, చారలు తప్పుగా ఉన్నాయి. ఎవరు అబద్ధమాడుతున్నట్టు? తాత మొహంలో దొంగచూపు లేదు. ఉన్నదల్లా రోషం.

"కోపగించుకోకండి తాతా. నాకు చదువు తక్కువ. సీసాలో జానెడు ముక్క వచ్చింది. కుళ్ళకుండా పోసే ఫార్మలిన్‌లో ముడుచుకుపోయి రెండు కొసలూ ఒకేలా ఉంటాయి కదా? ఏది పైదో మీకెలా తెలుస్తుంది?"

"దారం ఉంటుంది కదయ్యా!" ఇంత తెలివితక్కువ ప్రశ్న ఆయన జన్మలో వినలేదనిపించింది. "ఒక కొసకి దారం కట్టి పంపుతారు. దారం ఉన్నది తల, లేనిది కాళ్ళు. పాత డాక్టరుగారు ఉన్నంతకాలం శవపరీక్షలు ఆయనే చేసేవారు, దారం ఆయనే కట్టేవారు. పైకొసకే కట్టేవారు. నాకు నేర్పింది ఆయనే."

"ఇప్పుడు శవపరీక్షలు చేసేదెవరు?"

"కొత్తాయన. మొన్న వేసవిలో వచ్చాడు."

"ఆయన ఏ కొసకి కడతాడు?"

తాత గోళ్ళలోని మైనం గీక్కోవడం మొదలుపెట్టాడు.

పన్నెండూ ఐదు. కొత్త డాక్టరుకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా బల్లమీద పెట్టాను.

"దారమా? కింది కొసకే కడతాం. పొట్ట దగ్గర కోసేటప్పుడు లోపలున్నది బయటికి కారిపోకుండా బిగించి కట్టి అప్పుడు కోస్తాం" అన్నాడు ఆయన.

"పైకొసకి కట్టరా?"

"పైకొసకి ఎందుకండీ? ఎవరైనా అలా కడతారా?"

ఫోను పెట్టేశాను. మైనం తాత కుర్చీలో కూచుండిపోయాడు. "అమ్మో, నేనేనా?" అన్నాడు. "నా చేత్తోనా ఆ పిల్లని జైల్లోకి తోశాను? ఇంతకాలం చేసి, రిటైరయ్యే ముందు ఈ పాపం నా నెత్తినేసుకున్నానా?" చేతులు గజగజలాడుతున్నాయి. పాపం అనిపించింది, కోపమూ వచ్చింది. ఇద్దరికిద్దరూ తమ పద్ధతిలో తాము తప్పు చెయ్యలేదు. ఒకాయన దారం ఎందుకు కట్టాడో రెండో ఆయన అడగలేదు, అంతే.

"బావా, దారం కథ నేను విన్నాను గనక సరే" అన్నాడు మావాడు. వెటకారం తగ్గింది కానీ మొండితనం తగ్గలేదు. "జడ్జిగారి ముందు దారం, చారలు అంటే నవ్వుతారు. ఇంకేదైనా ఉందా, కాదనలేనిది?"

డాక్టరమ్మ అప్పటికే తేరుకుంది. "ఉంది. 'పై ముక్క' అన్నది నిజంగా కింది కొసే అయితే, దారానికి ఆనుకునే కోశారు కాబట్టి, దిమ్మలో ఇంకా లోతుకి చెక్కితే పొట్ట మొదలయ్యే చోటు తగలాలి. అన్నవాహిక వరసలు అక్కడ కత్తిపెట్టి కోసినట్టు ఆగిపోయి, పొట్ట బావులు మొదలవుతాయి. శరీరం మొత్తంలో అలాంటి సరిహద్దు అక్కడొక్కచోటే."

"తాతా, చెక్కగలరా? చేతులు వణుకుతున్నాయి" అన్నాను.

"మిషను దగ్గర వణకవు" అని లేచాడు.

నిజమే, వణకలేదు. చక్రం తిప్పుతుంటే మైనం పొరలు రిబ్బనులా సాగుతూ వచ్చాయి. వాటిని గోరువెచ్చటి నీళ్ళమీద తేల్చి, గాజుపలకమీదికి ఎక్కించి, వేడిమీద ఆరబెట్టి, మైనం కరిగించి, రంగుల్లో ఒకదాని తరవాత ఒకటి ముంచాడు. ఎంత తొందరపెట్టినా ఆ పనికి పట్టే టైము పడుతుంది. నేను గది ఈ మూలనించి ఆ మూలకి తిరుగుతూనే ఉన్నాను. ఒకవేళ బావులు తగలకపోతే? అప్పుడు చారలకి అర్థమేమిటి? ఆవిడే చేసి ఉంటే? నా నమ్మకం ఏపాటిదో నాకే తెలీదు. మావాడు రెండుసార్లు నీళ్ళు తాగాడు. వాడికీ లోపల పీకుతోందన్నమాట.

ఒంటిగంటా పాతిక. డాక్టరమ్మ కొత్త స్లైడు పెట్టి కన్ను ఆనించింది.

"రండి, మీరే చూడండి ఇన్‌స్పెక్టరుగారూ."

వాడు చూశాడు. తరవాత నేను చూశాను. ఎడమపక్క కాలి చెదిరిన వరసలు, ఒకచోట ఠక్కున ఆగిపోయాయి. కుడిపక్క బావులు. సగం కూలిన పొట్ట బావులు, 'పై ముక్క' అని రాసిన దిమ్మలోంచి!

"తారుమారే" అన్నాడు మావాడు నీరసంగా. "అయితే ఇప్పుడు లెక్క ఏమిటి?"

అప్పటికి నా బుర్రలో పొగ కాస్త విడింది. "పొట్ట కాలింది. దానికి ఆనుకున్న కింది కొస కాలింది. పడుకున్న మనిషి, పొట్టలో పడ్డది పైకి ఎగదన్నుతుంది కదా, అందుకని. పైకొస కాల్లేదు. అంటే యాసిడ్ నోట్లోంచి దిగలేదు. నోట్లోంచి దిగకుండా పొట్టలోకి పోవడానికి ఆ మనిషికి ఉన్న దారి ఒక్కటే."

"ముక్కు గొట్టం."

"అది ఆరింటికి తీసేశారు. కోడలు పళ్ళరసం ఇచ్చింది ఏడున్నరకి. అప్పటికే యాసిడ్ పొట్టలో ఉంది. కాంపౌండరు వచ్చేసరికి ముసలాయన మూలుగుతున్నాడని నీ ఫైల్లోనే రాసుకున్నావు. గొట్టం బాధ అనుకున్నారు అందరూ. నువ్వూ అనుకున్నావు."

మావాడు టోపీ తీసి తల గోక్కున్నాడు. వాడిలో ఒక మంచి గుణం ఉంది, తప్పు తేలాక నాన్చడు. "దిద్దిన రిపోర్టు రాసివ్వండి డాక్టరుగారూ. నేనే తీసుకెళ్ళి బెయిలుకి అభ్యంతరం లేదని చెప్తాను" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "అక్కకి మాత్రం చెప్పకు బావా" అన్నాడు.

"మొదట దానికే చెప్తాను" అన్నాను.

మొదట చెప్పింది మాత్రం కళ్ళజోళ్ళాయనకి. రెండుంబావు, లేబరేటరీ మెట్లమీద నిలబడి ఫోన్ చేశాను. ఒళ్ళంతా సంతోషంతో తేలిపోతోంది. ఆపుకోలేక అంతా చెప్పేశాను, దారం, చారలు, బావులు, గొట్టం.

"గొట్టంలోంచా?" అన్నాడు ఆయన. ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. "అది ఎవరు పోసి ఉంటారంటారు?"

"అది తేలడం ఎంతసేపు! గొట్టంలో ఆఖరిసారి పోసింది ఎవరో మీ ఆవిడకి తెలిసే ఉంటుంది, ఆ టైముకి ఆవిడ ఇంట్లోనే ఉన్నారు కదా. బెయిలు రాగానే అడుగుతాను."

"మీరు అడక్కండి. ఇప్పటికే బెదిరిపోయి ఉంది. నేనే నెమ్మదిగా అడుగుతాను. మీ మేలు ఈ జన్మలో మరిచిపోలేను" అన్నాడు. మంచివాడు, పెళ్ళాం మీద ఎంత ప్రేమో అనుకున్నాను. అవును, సరిగ్గా అలాగే అనుకున్నాను.

ఇక మిగిలింది పగటి నర్సు. పాలూ మందులూ పోసినప్పుడల్లా గుర్తుపెట్టే చార్టులో ఐదింటికి పాలు పోసినట్టు ఆవిడ టిక్కు పెట్టి ఉంది, ఆఖరి టిక్కు అదే. అంటే ఆవిడేనా? ఆవిడకేం పగ? అక్కడ మళ్ళీ గందరగోళం. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండుసార్లు, మూడుసార్లు. కొత్తగా ఎవరింట్లోనో డ్యూటీలో ఉందని తెలిసి అడ్రసు పట్టుకుని వెళ్ళేసరికి నాలుగూ నలభై. వరండాలో నర్సు ఒక ముసలావిడకి జుట్టు దువ్వుతోంది. నన్ను చూసి దువ్వెన ఆగింది.

"ఆరోజు ఐదింటికి గొట్టంలో పాలు పోసింది నువ్వేనా అమ్మా?"

"చార్టులో ఉంది కదండీ."

"చార్టు సంగతి కాదు. నీ చేత్తో పోశావా?"

మొహం పాలిపోయింది. "మా పనిలో... టిక్కు ముందే పెట్టేస్తాం సార్. వెళ్ళిపోయే హడావిడిలో మరిచిపోతామని. అందరం అలాగే చేస్తాం. ఆరోజు పాలు కలిపి పక్కన పెట్టి, టిక్కు పెట్టాను. సరిగ్గా అప్పుడే అయ్యగారు షాపునించి వచ్చారు. 'ఇవాళ్టితో గొట్టం తీసేస్తారు కదా, ఆఖరిసారి నాన్నకి నా చేత్తో పోస్తాను, నువ్వు వెళ్ళు' అన్నారు. ఎంత మంచి కొడుకో అనుకున్నాను. వెళ్ళిపోయాను."

"ఏ అయ్యగారు?" అని అడిగాను, ఆ ఇంట్లో ఇద్దరు అయ్యగార్లున్నట్టు.

"ఆయనేనండీ. కళ్ళజోళ్ళ షాపాయన."

"ఇది పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"వాళ్ళు గ్లాసు గురించే అడిగారు సార్. గొట్టం గురించి ఎవరూ అడగలేదు."

"ఆ గదిలో అప్పుడు ఇంకెవరైనా ఉన్నారా? ఆయన పోస్తుండగా చూసినవాళ్ళు?"

"అమ్మగారొక్కరే. నేను చెప్పులేసుకుంటుంటే ఆవిడ మంచం పక్కనే నిలబడి ఉన్నారు, గుడ్డ పట్టుకుని."

ఆ కళ్ళజోళ్ళవాడు కన్నతండ్రిని ఎందుకు చంపుకున్నాడు? ఏడుపు అంతా నటనేనా? హంతకుడే డిటెక్టివుని పెట్టుకోవడమేమిటి? ఒక్క ప్రశ్నకీ జవాబు లేదు. అర్థమైంది ఒక్కటే: ఊళ్ళో ఇంతమంది పేరున్నవాళ్ళుండగా, ఉద్యోగం వదిలేసుకుని ఖాళీగా కూచున్న నన్నే వెతికి పట్టుకున్నాడంటే, నావల్ల ఏమీ తేలదని వాడికి గట్టి నమ్మకం. అదొక్కటే వాడి లెక్క తప్పింది. తప్పిందన్న సంగతి వాడికి రెండుంబావుకల్లా నేనే ఫోన్ చేసి చెప్పాను. గొట్టంలో ఎవరు పోశారో వాళ్ళావిడకి తెలిసే ఉంటుందని కూడా నేనే చెప్పాను.

ఫోను మోగింది. మావాడు.

"శుభం బావా! బెయిలిచ్చారు. ఆవిడైతే ఒకటే ఏడుపు, నీకు దణ్ణాలు చెప్పమంది."

"ఆవిడెక్కడుందిరా? నీ పక్కనే ఉందా? ఎక్కడికీ పంపకు, విను..."

"ఇంకెక్కడి పక్కన! వాళ్ళాయన కారు తెచ్చుకుని కోర్టు గుమ్మంలోనే కాచుక్కూచున్నాడు. నేనే చెయ్యిపట్టుకుని కారెక్కించాను. వెళ్ళి పావుగంటయింది."